మహాదేవి అడిగిన వారం

రాఘవేంద్రప్రసాద్ సారు చేతికి సుద్దముక్క దొరికిందంటే ముందు రెండు గుంతలు, వాటి మధ్యన ఒక గుట్ట గీయాల్సిందే. "ఎడం పక్క గుంతలో ఉండేది రియాక్షన్‌కు ముందున్న అణువు. కుడి పక్క గుంతలో ఉండేది రియాక్షన్ అయిపోయినంక మిగిలే అణువు. మధ్యలో ఈ గుట్ట. దీన్ని దాటేదానికి అన్నిటికన్నా సులువైన దారి యాడుండాదో చెప్పండి, కెమిస్ట్రీలో సగం చెప్పినట్టే!" అనేవాడు. కర్నూల్లో ఆయన దగ్గర చదువుకొని తర్వాత బ్యాంకుల్లోనో బట్టల అంగళ్లలోనో స్థిరపడిన వాళ్లు కూడా మిగతా కెమిస్ట్రీ అంతా మర్చిపోయారు గానీ, ఆ గుంతల్నీ గుట్టనూ మర్చిపోలేదు.

ఆయనది పాత ఊళ్లో మూడు తరాలుగా శనక్కాయల వ్యాపారం చేస్తున్న ఇల్లు. నాన్న కేశవయ్య మూటలోకి మోచేతి దాకా చేయి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు గింజలు తీసి ముక్కు దగ్గర పెట్టుకొని, "బూజు సరుకప్పా ఇది, పక్కకు తీయండి" అనేవాడు. అంతే, ఆ మూటకు ఇంక వేరే పరీక్ష లేదు. కొడుకు ఎమ్మెస్సీకి వచ్చాక ఆ బూజులో పుట్టే విషానికి అఫ్లటాక్సిన్ అని పేరుందని, దాని అణువులో ఒక ఉంగరం ఉంటుందని, క్షారం కలిపిన నీళ్లలో ఆ ఉంగరం తెగితే విషం చాలావరకు విరిగిపోతుందని తెలిసింది. ఆ రోజు నుంచి ఆయనకు ఒకటే పిచ్చి. ఉంగరం తెగుతుంది, సరే. ఏ దారిన పోయి తెగుతుంది?

ఇది కళ్లతో చూసే సంగతి కాదు. ఎంత పెద్ద మైక్రోస్కోపు పెట్టినా, ఒక అణువు తెగే క్షణం దొరకదు. కంప్యూటర్లో లెక్క కట్టి చూడాల్సిందే. అందుకని ప్రసాద్ సారు లెక్చరర్‌గా పదిహేనేళ్లు పాఠాలు చెప్పుకుంటూనే, సెలవుల్లో హైదరాబాదు పోయి, అక్కడి వాళ్ల దగ్గర కూర్చొని ప్రోగ్రాములు నేర్చుకొని, నలభై మూడో ఏట పీహెచ్‌డీ పూర్తి చేశాడు. తండ్రి షాపులో కూర్చోకుండా ఈ వయసులో ఈ చదువేందని చుట్టాలు నవ్వితే, "నేను చేసేది కూడా శనక్కాయల పనేనప్పా" అని ఆయనా నవ్వేవాడు.

ఆయన పద్ధతి అచ్చం పూసల దండ లాంటిది. ముందున్న అణువుకూ, తర్వాతి అణువుకూ మధ్యన ఇరవై రూపాలు ఊహించి దండలో పూసల్లాగా వరసగా పెట్టాలి. తర్వాత ప్రతి పూసనూ పల్లం వైపు కొంచెం కొంచెం జారనివ్వాలి. పూసలు జారీ జారీ, గుట్ట మీద అన్నిటికన్నా తక్కువ ఎత్తున్న కనుమలో దండ వచ్చి పడుకుంటుంది. అదే దారి. అట్లా ఆయనకు ఒక దారి దొరికింది. ఉంగరం పక్కన రెండు నీటి అణువులు బారుగా నిలబడి, ఒకదాని చేతి నుంచి ఇంకొకదాని చేతికి ఒక ప్రోటాన్‌ను అందించుకుంటే, ఉంగరం సులువుగా తెగుతుంది. ఎంత చక్కటి దారి! ఆ సంగతి భార్య సుచరితకు చెప్తున్నంతసేపూ ఆయన రెండు చేతులూ నీటి అణువులైపోయి గాల్లోనే ఉన్నాయి. "బాగుంది, ముందు ఆ చేతులు కడుక్కొని కూర్చోండి, అన్నం చల్లారిపోతాంది" అంది ఆమె.

2003లో మహాదేవి ఎంఫిల్‌కు ఆయన దగ్గర చేరింది. కోసిగి పక్కన ఒక పల్లె వాళ్లది. నాన్న గోపన్నకు రెండు వందల గొర్రెల మంద, అమ్మ ఉరుకుందమ్మకు ఐదెకరాల జొన్న చేను. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అడిగితే ఒక మాట, అడగకపోతే అదీ లేదు. పని మాత్రం ఒకసారి చూపిస్తే చాలు, రెండోసారికి సారు చూపించిన దాంట్లోనే తప్పు పట్టుకొని, చెప్పాలా వద్దా అని మొహమాటపడుతూ నిలబడి ఉండేది.

ప్రసాద్ సారు ఆమెకు ఇచ్చిన పని ఇది. దండ పద్ధతిలో వేడి లెక్కలోకి రాదు. అణువులన్నీ గడ్డకట్టిన బొమ్మల్లాగా కదలకుండా ఉన్నాయనుకొని కట్టే లెక్క అది. నిజంగా నీళ్లలో ఉన్న అణువు ఒక్క క్షణం ఊరికే ఉండదు, వేడికి అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ వేడినీ, ఆ కదలడానికి ఉన్న జాగానూ కలుపుకొని కొలిచే ఎత్తునే ఫ్రీ ఎనర్జీ అంటారు. దానికి వేరే పద్ధతి ఉంది. దారి పొడుగునా అక్కడక్కడా అణువును ఒక స్ప్రింగుతో కట్టి పట్టుకొని, ఆ చోట కావలసినంతసేపు కొట్టుకోనిచ్చి, అది ఎక్కడెక్కడ ఎంతసేపు గడిపిందో లెక్క రాసుకోవాలి. అట్లా పట్టుకునే ఒక్కో చోటునూ ఒక విండో అంటారు. ఆ విండోలన్నీ అతికిస్తే అసలు గుట్ట ఆకారం వస్తుంది. ఈ పద్ధతికి గొడుగు అని పేరు. పేరు చెప్పగానే మహాదేవి మొదటిసారి నవ్వింది. "మన ఊర్లో గొడుగుతో ఏం పని సార్!" అంది.

"నా దారినే తీసుకో. దాని మీదనే విండోలు పెట్టు. నాది రైటని తేలితే నీకు ఎంఫిల్, నాకు నిమ్మళం" అన్నాడు సారు.

లెక్కలు నడిచేది కాలేజీ మేడ మీద చిన్న గదిలో ఒకే ఒక్క కంప్యూటర్ మీద. ఎండలు మొదలయ్యేసరికి పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు కోత. అవి చెప్పి పోయేవి, చెప్పకుండా పోయేవి వేరే. కరెంటు పోగానే లెక్క ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. వచ్చాక, చివరగా దాచుకున్న చోటి నుంచి మళ్లీ మొదలు పెట్టాలి. కర్నూల్లో కంప్యూటర్ మీద ఏ పని చేసినా అంతే. ఏది చెడినా ముందు కరెంటును తిట్టి, తర్వాతనే వేరే కారణం వెతకడం ఆ మేడ మీద అందరికీ అలవాటు. మహాదేవి మాత్రం కరెంటు పోయిన టైమూ, వచ్చిన టైమూ నిమిషాలతో సహా ఒక పుస్తకంలో రాసుకునేది.

ఒక మధ్యాహ్నం అట్లా కరెంటు పోయి, అందరూ కిటికీల దగ్గరికి చేరినప్పుడు గోపన్న వచ్చాడు. కూతురికి జొన్న రొట్టెలు, శనక్కాయల చట్నీ తెచ్చాడు. నల్లబడిన స్క్రీన్ వైపు అనుమానంగా చూసి, "సార్, ఈ డబ్బాలో ఏం ఎతుకుతాండారు మీరు?" అన్నాడు.

ప్రసాద్ సారుకు అంతకంటే ఏం కావాలి! సుద్దముక్క తీసుకొని గుంతలు, గుట్ట గీసి, తన కనుమ చూపించాడు. "ఇదిగో, అన్నిటికన్నా తగ్గు కనుమ ఇదే. అన్నీ ఈడనే దాటుతాయి."

గోపన్న బోర్డును కొంచెంసేపు చూశాడు. "తగ్గు సరే సార్. ఎడల్పు ఎంత?"

"ఎడల్పా?"

"మా ఊరి గుట్టకు తూరుపు పక్క ఒగ సందు ఉండాది. తగ్గే. కానీ ఒగొగ గొర్రే పోవల్ల. మందంతా దాటేతలికి పొద్దు గూకుతాది. పడమటి పక్కది రవ్వంత ఎత్తు, కానీ శానా ఇశాలం. ఇడిసిపెడితే మందంతా ఆ పక్కనే పోతాది. నేను తోలే పనే ల్యా."

"ఇవి గొర్రెలు కాదు గోపన్నా, అణువులప్పా. వీటికి కాళ్లుండవు."

"కాళ్లు ల్యాకుండా గుట్ట యెట్ల దాటుతాయి సార్ మరి?"

గదిలో అందరూ పగలబడి నవ్వారు. సారు అందరికన్నా ఎక్కువ నవ్వాడు. మహాదేవి ఒక్కతే నవ్వలేదు. బోర్డు మీద కనుమనూ, నాన్ననూ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాతి వారం ఆమె ఎవరికీ చెప్పకుండా ఉంగరానికి అవతలి పక్క కూడా విండోలు పెట్టింది. రెండు నెలలు అయ్యాక, ఏప్రిల్‌లో ఒక పొద్దున, ఎంఫిల్ పుస్తకం బైండింగుకు ఇవ్వడానికి పది రోజుల ముందు, సారు టేబుల్ మీద నాలుగో చాప్టర్ పెట్టింది.

"ఏమ్మా ఇది? మనం అనుకునింది మూడే గదా?"

"సార్, మీ దారిలో రెండు నీళ్లూ బారుగా నిలబడాల. వేడి పెడితే అవి అట్ల నిలబడటం ల్యా సార్. శానా తక్కువ సార్లు నిలబడతాండాయి. అవతలి పక్క ఇంగో దారి ఉండాది. అది కొంచెం ఎత్తే, కానీ నీళ్లు యెట్లుండినా దాటొచ్చు. వేడి లెక్క కలిపితే ఎక్కువ భాగం ఆ పక్కనే దాటుతాండాయి."

ప్రసాద్ సారు గ్రాఫ్ చూశాడు. గుట్టకు తన కనుమ పక్కనే ఇంకో కనుమ. అంత వెడల్పుగా, అంత నింపాదిగా కూర్చొని ఉంది. ఆయనకు లోపల ఎక్కడో చురుక్కుమంది. పైకి మాత్రం అందరికీ అలవాటైన మాటే వచ్చింది.

"కరెంటుమ్మా. కోత అయినంక మళ్లా మొదలుపెట్టేటప్పుడు నీళ్లకు వేగాలు కొత్తగా ఇస్తాది గదా ప్రోగ్రాము. ఆ కుదుపుకు అవతలి పక్క పడినాయి."

"ఆ కుదుపు కొంచెం సేపే సార్. నేను ప్రతిసారీ మొదటి భాగం తీసిపారేసినా. పుస్తకంలో టైములు రాసినా చూడండి. తొమ్మిదిసార్లు దాటితే, ఆరుసార్లు కరెంటు పోనే పోలా."

ఆమె పుస్తకం తెరిచి ముందు పెట్టింది. ఆయన దాని వైపు చూడలేదు.

"అయితే ఒగ పని చేద్దాం సార్. ప్రిన్సిపాల్ సారు రూములో యూపీఎస్ ఉండాది గదా. అది ఒగ వారం అడగండి. ఒగ వారం కరెంటు పోకుండా నడిస్తే తెలిసిపోతాది. తప్పైతే నేనే తీసేస్తా సార్. ఒగ వారం."

ఒక్క వారం. అడిగితే ప్రిన్సిపాల్ కాదనే మనిషి కాదు. కానీ ఎందుకు అని అడుగుతాడు. అడిగితే ఏం చెప్పాలి? జనవరిలోనే ప్రసాద్ సారు తన దారి గురించి హైదరాబాదులో ఒక సదస్సుకు వ్యాసం పంపాడు; వాళ్లు మెచ్చుకున్నారు, సదస్సు పుస్తకంలో వేయడానికి అది అచ్చులో ఉంది. కర్నూలు కాలేజీ నుంచి అట్లాంటిది పోవడం అదే మొదటిసారి అని ప్రిన్సిపాలే స్టాఫ్ రూములో అందరికీ చెప్పి ఉన్నాడు. ఇప్పుడు పోయి, నా దారి మీద నాకే అనుమానంగా ఉంది, మీ యూపీఎస్ ఇస్తారా అని అడగాలా?

"టైము లేదు మహాదేవీ. నాలుగో చాప్టర్ తీసేయ్. సగం ఉడికినవి పెట్టుకొని బెంగుళూరు పోతే ఆడ నవ్వుతారు నిన్ను. నీ మంచికే చెప్తాండా" అన్నాడు.

జూన్‌లో ఆమెకు బెంగుళూరులో ఒక పెద్ద పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ సీటుకు ఇంటర్వ్యూ ఉంది. అది కూడా ప్రసాద్ సారే పట్టుబట్టి అప్లికేషన్ పెట్టించింది. మహాదేవి టైముల పుస్తకం మూసింది. "సరే సార్" అని కాగితాలు తీసుకొని పోయింది. మూడు చాప్టర్లతో పుస్తకం బైండింగ్ అయింది. ఆయన సంతకం పెట్టాడు. ఎంఫిల్ వచ్చింది.

జూన్ చివరలో ఆమె మేడ మీదికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "రాలేదు సార్" అంది.

"ఏమడిగినారు?"

"ఏవేవో అడిగినారు సార్."

"పోనీలే, వచ్చే యేడు చూద్దాం."

ఆమె తలూపింది. వచ్చే ఏడు ఆమె రాలేదు. కడప జిల్లా మంగంపేట దగ్గర బెరైటీస్ రాయిని పిండి కొట్టే ఒక మిల్లులో కెమిస్టుగా చేరిందని కాలేజీ గుమస్తా సోమన్న చెప్పాడు. సోమన్నది ఆమె పక్క ఊరే. "మంచిదే గదప్పా, ఉద్యోగం ఉద్యోగమే" అన్నాడు సారు. ఆ మాట అన్నప్పుడు ఆయనకు కొంచెం తేలికగా కూడా అనిపించింది. ఆ తేలికదనం గుర్తొస్తే ఇప్పటికీ ఆయన తల వంచుకుంటాడు.

నాలుగేళ్లు గడిచాయి. 2008లో ప్రసాద్ సారు వాళ్లు కల్లూరులో కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. పిల్లలు అడిగారని ఇన్వర్టరు పెట్టించాడు, కొత్త కంప్యూటరు కొన్నాడు. కొత్త యంత్రం ఎంత వేగంగా ఉందో చూద్దామని, అంతే, ఇంకే ఉద్దేశమూ లేదు, పాత సీడీలో ఉన్న ఫైళ్లు తీసి, ఉంగరం రెండు పక్కలా విండోలు పెట్టి లెక్క మొదలుపెట్టాడు. పదకొండు రోజులు నడిచింది. కరెంటు రోజూ పోతూనే ఉంది, ఫ్యాన్లు తీసేసి కంప్యూటరుకే వదిలిన ఇన్వర్టరు పట్టుకుంటూనే ఉంది. ఒక మధ్యాహ్నం ఉక్కకు చెమటలు కక్కుతూ సుచరిత విసనకర్ర ఊపుకుంటూ, "ఏమండీ, మాకు ఫ్యాను ఆగినా పర్వాలేదు గానీ, ఆ డబ్బా మాత్రం ఆగకూడదా? అదేమన్నా పచ్చి బాలింతా?" అంది. "ఇంకొక్క రెండు రోజులు" అన్నాడాయన.

పన్నెండో రోజు పొద్దున గ్రాఫ్ గీశాడు. రెండు కనుమలు వచ్చాయి. ఆయనది తగ్గుగా, సూది సందులాగా ఉంది. రెండోది రవ్వంత ఎత్తులో, వెడల్పుగా ఉంది. వేడి లెక్క కలిపితే, పదింట ఎనిమిది అవతలి పక్కనే దాటుతున్నాయి.

ఆయన మొదట చేసిన పని, ఇన్వర్టరు సరిగా పనిచేసిందా అని చూడటం. ఎక్కడా ఒక్క క్షణం కూడా ఆగలేదు. మళ్లీ మొదటి నుంచి నడిపాడు. మూడోసారి నడిపాడు. అన్నీ కలిపి నెల దాటింది. మూడుసార్లూ అదే గుట్ట, అవే రెండు కనుమలు. ఇంక తప్పు తోయడానికి ఎవరూ మిగల్లేదు.

ఆ సాయంత్రం ఆయన టీ ముట్టుకోకుండా వరండాలో కూర్చుంటే సుచరిత వచ్చి పక్కన కూర్చుంది. ఆయన మొత్తం చెప్పాడు. నాలుగో చాప్టర్, యూపీఎస్, వారం, అన్నీ.

"అంటే ఆ పిల్ల చెప్పిందే నిజమా?"

"నిజమే."

"మీకప్పుడు తెలీదా?"

ప్రసాద్ సారు గేటు వైపు తిరిగాడు. "తెలుసుకోవాలని అనిపించలేదు" అన్నాడు.

సుచరిత లేచింది. లోపలికి పోతూ గుమ్మంలో ఆగి, "మంగంపేట ఎంత దూరం?" అని మాత్రం అడిగింది.

కర్నూలు నుంచి కడప, కడప నుంచి రైల్వే కోడూరు పోయే ఇంకో బస్సు. పొద్దున ఐదుకు బయల్దేరితే మధ్యాహ్నం రెండైంది. దిగిన చోటి నుంచి మిల్లు దాకా రోడ్డు, చెట్లు, టీ అంగడి పైకప్పు, అన్నీ ఒకే బూడిద రంగు. రాయి లారీలు పోతుంటే లేచిన దుమ్ము మళ్లీ కింద పడటానికి తీరిక లేకుండా ఇంకో లారీ వస్తోంది. ఆ దుమ్ము చూడ్డానికి పలచగా ఉన్నా చేతిలో పట్టుకుంటే బరువు. ఆ బరువు కోసమే చమురు బావులు తవ్వే వాళ్లు దాన్ని కొంటారు. మిల్లు ల్యాబులో మహాదేవి పని, వచ్చిన పిండి సరిపోయేంత బరువుందా లేదా అని చిన్న గాజు సీసాలో నింపి తూచి చెప్పడం.

గేటు దగ్గరికి ఆమే వచ్చింది. నీలం కోటు వేసుకొని ఉంది. కనుబొమ్మల మీద సన్నటి దుమ్ము. సారును చూసి ముందు నమ్మలేదు.

"సార్! మీరేంది సార్ ఈడ? అమ్మగారు బాగుండారా?"

"బాగుండాది. నువ్వు యెట్లుండావు తల్లీ?"

"ఉండాను సార్. రండి, నీడకు రండి."

టీ అంగడి బెంచీ మీద కూర్చున్నారు. ఆయన దారంతా సాధన చేసుకున్న మాటలన్నీ పోయి, సంచిలోంచి గ్రాఫ్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నీదే రైటు మహాదేవీ. మూడుసార్లు చూసినా."

ఆమె కోటుకు చేతులు తుడుచుకొని కాగితం పట్టుకుంది. చాలాసేపు చూసింది. మొహంలో సంతోషం లాంటిదేమీ రాలేదు. వేలితో రెండో కనుమ మీద ఒక చోట మెల్లగా తట్టింది.

"ఈడ విండోలు పలచగా ఉండాయి సార్. అతుకు సరిగా పడలా. ఇంగా రెండు పెట్టాల్సింది."

ఆయన వంగి చూశాడు. నిజమే. మూడుసార్లు నడిపినా తనకు కనపడనిది, నాలుగేళ్లుగా పిండి తూచుకుంటున్న మనిషికి ఒక్క చూపులో కనపడింది.

"బెంగుళూరులో ఏమడిగినారు తల్లీ? నిజం చెప్పు."

మహాదేవి గ్లాసులోని టీ వైపు చూసింది. "అదే అడిగినారు సార్."

"ఏది?"

"ఒక పెద్దాయన నా పుస్తకం తిప్పి చూసి, ఈ దారి శానా ఇరుగ్గా ఉండాదే, వేడిలో వేరే దారి ఏమన్నా ఉండాదేమో ఎతికినావామ్మా అని అడిగినాడు. చూసినా, లేదు సార్ అని చెప్పినా."

ప్రసాద్ సారు గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. "ఎందుకు చెప్పినావట్ల? ఉండాది అని చెప్పింటే నీకు సీటు అప్పుడే ఇచ్చుండేటోళ్లు గదా!"

"మీ సంతకం ఉండే పుస్తకం ముందర పెట్టుకొని, మా సారుది తప్పు అని యెట్ల చెప్పేది సార్? అంత మంది ముందర." ఆమె ఆ మాటను నిష్ఠూరంగా అనలేదు, ఉన్నది ఉన్నట్టు అంది. "అదీగాక, నాదే తప్పేమో అనుకుంటి. మీరు అంత గట్టిగా చెప్పినారు గదా. అప్పటి నుంచి నా కండ్ల మీద నాకు నమ్మకం పోయింది సార్. ఈడ సీసా తూకం ఒగటికి నాలుగుసార్లు చూస్తా. ఏమ్మా, ఆ తక్కెడ నీకేమన్నా మేనమామా, వదిలిపెట్టవు అని మా మేనేజరు నగుతాంటాడు."

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేకపోయాడు.

"ఒగటి అడుగుతా సార్. ఏమనుకోవద్దండి. ఆ వారం ఎందుకు ఇయ్యలా?"

చెప్పడానికి ఆయన దగ్గర చాలా ఉన్నాయి. టైము లేకపోవడం, ఎండాకాలం, పరీక్షలు. ఆయన అవన్నీ పక్కన పెట్టాడు.

"నాది అచ్చుకు పోయింది మహాదేవీ. నువ్వు చెప్పింది నిజమైతే నాది తప్పని అందరికీ తెలుస్తాది. అందుకు."

ఆమె తల పంకించింది. చాలాకాలంగా లెక్క కుదరని చోట ఒక అంకె దొరికినట్టు, అంతే. లోపల నుంచి ఎవరో "మేడమ్, లారీ తూకానికి వచ్చింది" అని కేక వేశారు.

"నేను మళ్లా రాస్తా తల్లీ. ముందు నీ పేరు, తర్వాత నాది. రాయొచ్చునా?"

మహాదేవి లేచి నిలబడింది. కాగితం మడిచి ఆయనకే ఇచ్చింది. "రాయండి సార్. ఆ రెండు విండోలు పెట్టి రాయండి. కరెంటు మీదికి మాత్రం తోయొద్దండి" అని గేటు లోపలికి పోయింది. ఆయన కడప బస్సు కోసం ఆ బూడిద రంగు రోడ్డు పక్కన గంటన్నర నిలబడ్డాడు. ఇరవై నాలుగేళ్ల ఉద్యోగంలో ఇంకెంతమంది పిల్లలు తన టేబుల్ ముందు నిలబడి ఏదో అడగబోయి, "సరే సార్" అని పోయారో గుర్తు చేసుకోవాలని చూశాడు. ఒక్కరి మొహమూ రాలేదు. అదే ఎక్కువ భయమేసింది.

రెండు విండోలు పెట్టాక అతుకు కుదిరింది. రెండో కనుమ ఇంకొంచెం కిందికి దిగింది. వ్యాసం రాయడానికి కూర్చుంటే, మొదటి చిత్తులో "అప్పట్లో ఉన్న పరిమితమైన సౌకర్యాల వల్ల" అనే మాట దానంతటదే వచ్చేసింది. కొట్టేశాడు. రెండో చిత్తులో అదే మాట వేరే వేషంలో, "విద్యుత్ అంతరాయాల నేపథ్యంలో" అని వచ్చింది. దాన్నీ కొట్టేశాడు. మూడో చిత్తులో ఆ చోట, ఈ రెండో దారిని 2004లో మహాదేవి కనుక్కుందని, దాన్ని పరీక్షించడానికి తాను ఒప్పుకోలేదని రాశాడు. ఇట్లాంటి వాక్యాలు వ్యాసాల్లో ఎవరూ రాయరు. పత్రిక వాళ్లు రెండో సగం తీసేయమన్నారు. ఆయన తీసేయనన్నాడు. నాలుగు నెలలు ఉత్తరాలు నడిచాక, దాన్ని ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో వేయడానికి ఒప్పుకున్నారు. 2004 నాటి సదస్సు పుస్తకాన్ని మాత్రం ఎవరూ దిద్దలేదు. అది లైబ్రరీల్లో అట్లాగే ఉంది. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆ ఇరుకు దారినే నమ్మి, దాని మీద తమ లెక్కలు కట్టుకున్నారని కూడా ఆయనకు తర్వాత తెలిసింది.

అచ్చుకు ముందు, రాసిన వాళ్లందరూ ఒక ఫారం మీద సంతకం పెట్టి పంపాలి. ఆయన దాన్ని మంగంపేటకు పోస్టులో పంపాడు. దాంతో పాటు నాలుగు పేజీల ఉత్తరం కూడా పెట్టాడు. కాలేజీలో కొత్తగా వచ్చిన ఫెలోషిప్ సంగతి, ఆమె ఒప్పుకుంటే తానే స్వయంగా అందరితో మాట్లాడతానన్న సంగతి, ఇంకా చాలా. పద్దెనిమిది రోజులకు కవరు తిరిగి వచ్చింది. సుచరిత పక్కనే నిలబడి ఉంటే, ఆయన కత్తెరతో జాగ్రత్తగా అంచు కత్తిరించి ఫారం బయటికి తీశాడు. గళ్లలో ఎక్కడ ఏం రాయాలో అక్కడ అది రాసి ఉంది. కింద గుండ్రటి అక్షరాలతో సంతకం, తేదీ.

"ఏం రాసింది?" అంది సుచరిత.

ఆయన కవరు లోపలికి చూశాడు. బోర్లించి దులిపాడు. వెలుతురుకు ఎత్తి పట్టుకొని ఇంకోసారి చూశాడు.

"సంతకం పెట్టింది" అన్నాడు.